రోబో ఆగిపోయాక మొదలయ్యే చదువు

(డాలస్ ప్రాంతంలో తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో ఒక హైస్కూల్ రోబోటిక్స్ టీమ్ మెంటార్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పిల్లల్ని వెంట తీసుకొచ్చినవాళ్లకు మరీ నమస్కారం. ఈ మాటలన్నీ వాళ్ల గురించే.

2023 మార్చిలో జరిగిన సంగతితో మొదలుపెడతాను. ఒక రోబోల పోటీలో మా టీమ్‌కి అది మూడో మ్యాచ్. ఆ ఏడాది ఆటలో పసుపు రంగు శంకువులు, గాలి నింపిన ఊదా రంగు ఘనాలు ఉండేవి. రోబో శంకువుల్ని కడ్డీలకు తొడగాలి, ఘనాల్ని అరల్లో పెట్టాలి. ఆఖరి క్షణాల్లో తూగుడుబల్ల లాంటి వేదిక మీదికెక్కి, అది ఒరగకుండా నిలబడాలి. మొదటి 15 సెకన్లు ఎవరూ ముట్టుకోకూడదు. పిల్లలు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ప్రకారం రోబో తనంతట తానే ఆడాలి. మాది చక్కగా ఆడింది. తర్వాత పిల్లలు జాయ్‌స్టిక్ అందుకున్నారు. ఇంకో రోబో పక్క నుంచి వచ్చి గుద్దింది. మాది అక్కడే ఆగిపోయింది. దాని మీద లైటు ఆరిపోయింది. వందల మంది చూస్తుండగా దాదాపు రెండు నిమిషాలు మైదానం మధ్యలో బండరాయిలా ఉండిపోయింది.

పిట్‌లోకి, అంటే రోబోను బాగుచేసుకోవడానికి టీమ్‌కి ఇచ్చే చోటికి తెచ్చి చూస్తే, బ్యాటరీ టెర్మినల్ దగ్గర నట్టు వదులైంది. బ్యాటరీలు చూసుకునే బాధ్యత పదో గ్రేడ్ చదివే ఒక తెలుగమ్మాయిది. ఆ రోజు పొద్దున ఆరు బ్యాటరీలకు నట్లు బిగించింది, ఏడోది మర్చిపోయింది. ఎవరూ అడగకముందే తనే చెప్పింది, "నేనే. దీన్ని నేను చూడలేదు" అని.

నాకు గొంతు పట్టేసింది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ల్యాబ్‌లో నా చేతిలో ఒక కొలత పరికరం పగిలింది. వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. పగిలినదాన్ని డబ్బాలో సర్దిపెట్టి, తర్వాత తీసినవాళ్ల మీదికి తప్పు పోయేలా ఊరుకున్నాను. నాకప్పుడు 19 ఏళ్లు. ఈ పిల్లకు 15.

మా కెప్టెన్ పన్నెండో గ్రేడ్ కుర్రాడు. ఆ అమ్మాయిని ఒక్క మాట అనలేదు. "ఇంకోసారి ఇలా కాకుండా ఏం చేద్దాం?" అని అడిగాడు. పది నిమిషాల్లో ఒక అట్టముక్క మీద చెక్‌లిస్ట్ తయారైంది. నట్టు బిగించాక నట్టు మీదుగా కింది ప్లేట్ దాకా మార్కర్‌తో ఒక గీత గీయాలి. గీత రెండు ముక్కలై కనిపిస్తే నట్టు కదిలినట్టు. విమానాల మెకానిక్‌లు కూడా ఇదే పద్ధతి వాడతారు. మా పిల్లలకు దీన్ని ఎవరూ పాఠంగా చెప్పలేదు. పక్క పిట్‌లో వేరే టీమ్ రోబో మీద రంగు గీతలు చూసి, ఇవెందుకని అడిగి తెలుసుకొచ్చారు. ఆ రోజు మిగిలిన మ్యాచ్‌లన్నిటికీ బ్యాటరీలు ఆ అమ్మాయే బిగించింది. ఆ పని ఆమె చేతుల్లోంచి ఎవరూ లాక్కోలేదు.

నేను ఇవాళ చెప్పాలనుకున్నది ఇదే. మన పిల్లలకు ట్యూషన్లు పెట్టించాం, కూచిపూడి నేర్పించాం, స్పెల్లింగ్ బీకి తీసుకెళ్లాం. తప్పు చేసి, దాన్ని పది మంది ముందు ఒప్పుకుని, అక్కడికక్కడే దిద్దుకునే చోటు మాత్రం మన ఇళ్లలో తక్కువ. రోబోటిక్స్ టీమ్‌లో ఆ చోటు ఉంది. తొమ్మిదేళ్లుగా నా కళ్లతో చూస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం ఇదేమిటో కాస్త చెబుతాను. మా పిల్లలు ఆడేది ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటిషన్. ఫస్ట్ అనే సంస్థను 1989లో న్యూ హాంప్‌షైర్‌లో డీన్ కామెన్ మొదలుపెట్టారు. రోగులు ఒంటికి తగిలించుకుని తిరగగలిగే చిన్న మందు పంపును కనిపెట్టింది ఆయనే. తర్వాత సెగ్వే అనే, నిలబడి నడిపే రెండు చక్రాల బండి కూడా తయారుచేశారు. పిల్లలకు ఆటగాళ్లూ సినిమావాళ్లూ తెలుసు, ఇంజనీర్లూ సైంటిస్టులూ తెలియరన్నది ఆయన బాధ. అందుకని ఇంజనీరింగ్‌నే ఒక ఆటగా మార్చారు. 1992లో మాంచెస్టర్ అనే ఊళ్లో ఒక హైస్కూల్ జిమ్‌లో మొదటి పోటీ జరిగింది. 28 టీమ్‌లు వచ్చాయి. ఇప్పుడు మూడు వేలకు పైగా ఉన్నాయి.

జనవరి మొదట్లో ఒక శనివారం ఆ ఏటి ఆటను ప్రకటిస్తారు. అంతవరకు ఆట ఏమిటో ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి కొద్ది వారాల్లో రోబో తయారవ్వాలి. అదేమీ బొమ్మ కాదు. బ్యాటరీ, చుట్టూ మెత్తటి బంపర్లు అన్నీ కలిపితే దాదాపు ఒక మనిషంత బరువుంటుంది. ఒకప్పుడు ఆరు వారాలు పూర్తవగానే రోబోను సంచిలో పెట్టి సీల్ వేసేవారు, పోటీ రోజు దాకా ముట్టుకోకూడదు. 2020 సీజన్ నుంచి ఆ నియమం తీసేశారు. మూడు టీమ్‌లు ఒకవైపు, మూడు టీమ్‌లు ఇంకోవైపు ఆడతాయి. మ్యాచ్ సుమారు రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరుగుతుంది. మనకు నాలుగు గంటల డ్రైవ్. మీ పిల్లలు టీమ్‌లో ఉన్నా లేకపోయినా ఒకసారి వెళ్లి చూడండి.

మొదటి రౌండ్లలో మనతో ఎవరు ఆడాలో మనం ఎంచుకోలేం, షెడ్యూల్ నిర్ణయిస్తుంది. పది గంటల మ్యాచ్‌లో మనల్ని ఓడించిన టీమ్ పదకొండున్నరకి మన పక్కన ఆడొచ్చు. ఆఖరి రౌండ్లకు ముందు, పైనున్న ఎనిమిది టీమ్‌లు తమ భాగస్వాములను తామే పిలుచుకుంటాయి. అందుకని పక్కవాడి రోబో చెడిపోతే సంతోషించే వీలే లేదు. ఎంఐటీ ప్రొఫెసర్ వుడీ ఫ్లవర్స్ దీనికి గ్రేషస్ ప్రొఫెషనలిజం అని పేరు పెట్టారు. గట్టిగా పోటీ పడుతూనే ఎదుటివాడి మర్యాద నిలబెట్టడం అన్నమాట. 2019లో ఆయన చనిపోయినప్పుడు మా టీమ్ పిల్లలు కొందరు ఏడ్చారు. ఆయన్ను వాళ్లు ఎన్నడూ కలవలేదు.

పోటీ జరిగే హాల్లో మైకులో ఒక మాట తరచూ వినిపిస్తుంది: ఫలానా నంబర్ టీమ్‌కి ఫలానా గేర్ కావాలి, ఎవరి దగ్గరైనా ఉందా? రెండు నిమిషాల్లో నాలుగు పిట్‌ల నుంచి పిల్లలు ఆ గేర్ పట్టుకుని పరుగెత్తుకొస్తారు. మా పిల్లలు ఒకసారి తమ దగ్గర మిగిలిన ఒక్క మోటారు కంట్రోలర్‌ను, తర్వాతి మ్యాచ్‌లో తమకు ఎదురు ఆడబోయే టీమ్‌కి ఇచ్చేశారు. ఆ మ్యాచ్ మేము ఓడిపోయాం. ఇంటికి వచ్చే దారిలో బస్సులో దాని గురించి ఒక్కరూ బాధపడలేదు. ర్యాంకు పరీక్షల మధ్య పెరిగినదాన్ని నేను. పక్కవాడికి నోట్స్ ఇవ్వడానికి కూడా జంకేవాళ్లం. ఆ రాత్రి బస్సులో నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఒక తాతగారి గురించి చెబుతాను. ఇది చెప్పడానికే ఇవాళ వచ్చానన్నా తప్పులేదు.

మా టీమ్‌లో పదకొండో గ్రేడ్ కుర్రాడు ఒకడు ఉండేవాడు. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. స్కూల్లో మాత్రం తనకు తెలుగు వచ్చని ఎవరికీ తెలియనిచ్చేవాడు కాదు. అమ్మ ఫోన్ చేస్తే పక్కకు వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడేవాడు. ఆ ఏడాది వాళ్ల తాతగారు తెనాలి దగ్గర నుంచి ఆరు నెలలకు వచ్చారు. ఒక సాయంత్రం కొడుకుతో పాటు మనవణ్ని తీసుకెళ్లడానికి వర్క్‌షాప్‌కి వచ్చి, తలుపు దగ్గరే నిలబడ్డారు. లోపలికి రమ్మంటే మొహమాటపడ్డారు.

అప్పుడు మా రోబో చెయ్యి పైకి లేస్తోంది గానీ మధ్యలో కుదుపు వస్తోంది. ఒక్కోసారి చైన్ పళ్ల మీద నుంచి జారిపోతోంది. పిల్లలు మూడు రోజులుగా ప్రోగ్రాంలో తప్పు వెతుకుతున్నారు. తాతగారు కాసేపు చూశారు. తర్వాత మెల్లగా వచ్చి, రోబో ఆపమని సైగ చేసి, బొటనవేలితో చైన్‌ని ఒకసారి నొక్కారు. "చైన్ వదులుగా ఉందిరా. మధ్యలో ఒక చిన్న చక్రం పెట్టి బిగువు ఇవ్వాలి" అన్నారు.

ఆయన ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా పనిచేశారు.

మిగతా పిల్లలకు తెలుగు రాదు. అందరూ మనవడి వైపు తిరిగారు. వాడి ముఖం ఎర్రబడింది. ఒక్క క్షణం ఆగి, ఇంగ్లీషులో చెప్పాడు. వెంటనే ఇద్దరు ముగ్గురు ప్రశ్నలు వేశారు: ఎంత బిగువు ఉండాలి, మరీ బిగిస్తే ఏమవుతుంది, కొలవడం ఎలా? వాడు తాతగారిని తెలుగులో అడిగాడు. ఆయన చేతులు తిప్పుతూ చెప్పారు. చైన్ మధ్యలో వేలితో నొక్కితే కాస్త దిగాలి, మరీ బిగిస్తే బేరింగ్ అరిగిపోతుంది, మరీ వదిలితే పన్ను జారుతుంది. వాడు తెలుగులోంచి ఇంగ్లీషులోకి, ఇంగ్లీషులోంచి తెలుగులోకి ముప్పావు గంట అలా మాటలు మోశాడు. రెండు మూడు చోట్ల వాడికి తెలుగు మాట అందలేదు. తాతగారే వస్తువు పట్టుకుని చూపించారు. ఆ రాత్రి క్యాడ్‌లో, అంటే కంప్యూటర్‌లో డిజైన్లు గీసే ప్రోగ్రాంలో బొమ్మ గీసి, మర్నాడు ఆ చిన్న చక్రం బిగించారు. కుదుపు పోయింది.

ఆ తర్వాత ఆయన ప్రతి మంగళవారం వచ్చేవారు. పిల్లలు ఆయన్ని 'తాతా' అనేవారు. మెక్సికన్ పిల్లలు, వియత్నాం పిల్లలు, తెల్లపిల్లలు అందరూ తాతా అనే పిలిచేవారు. ఆయన ఇండియా తిరిగి వెళ్లే రోజున టీమ్ టీషర్టు ఇచ్చారు, వెనక 'తాత' అని తెలుగులో అచ్చు వేయించి. అక్షరాలు రాసిచ్చింది ఆ మనవడే. వాడిప్పుడు మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నాకు అంతకంటే సంతోషం ఏమిటంటే, వాళ్ల తాతగారితో వారానికోసారి వీడియో కాల్‌లో గేర్ల గురించి మాట్లాడుతున్నాడట.

మెకానిక్ పనంటే మనలో ఇంకా చిన్నచూపు ఉంది. చేతికి గ్రీజు అంటితే చదువు అబ్బలేదనుకుంటాం. ఆ వర్క్‌షాప్‌లో ఆ ముప్పావు గంట, ముప్పై ఏళ్లు బస్సుల కింద పడుకుని పనిచేసిన మనిషే అందరికంటే పెద్ద గురువు.

టీమ్ అంటే కోడింగ్ ఒక్కటే అనుకోకండి. కొందరు క్యాడ్‌లో గీస్తారు, కొందరు వైర్లు క్రింప్ చేస్తారు, అంటే వైరు చివర కనెక్టర్‌ను నొక్కి బిగిస్తారు. గేలరీలో కూర్చుని ప్రతి టీమ్ ఆట తీరునూ నమోదు చేసే స్కౌటింగ్ బృందం వేరే ఉంటుంది. ఎవరిని భాగస్వాములుగా పిలవాలో ఆ లెక్కలే చెబుతాయి. డబ్బు సేకరించేవాళ్లు ఉంటారు. రిజిస్ట్రేషన్‌కే వేల డాలర్లు అవుతుంది. దాన్ని తల్లిదండ్రుల జేబులోంచి తీయడం మాకు ఇష్టం లేదు. ఫోన్‌లో పిజ్జా ఆర్డర్ చేయడానికి కూడా భయపడే ఒక అమ్మాయి, మా ఊళ్లో దుకాణాలకు స్పాన్సర్‌షిప్ కోసం ఫోన్ చేసింది. పదకొండు చోట్ల కాదన్నారు. పన్నెండో చోట, ఒక టైర్ల షాపు ఆయన రెండు వందల డాలర్లు ఇచ్చాడు. ఆ చెక్కు ఫొటో ఇప్పటికీ ఆమె ఫోన్‌లో ఉంది. ఈ పోటీలో అన్నిటికంటే పెద్ద బహుమతి ఇంపాక్ట్ అవార్డ్. ఇంతకుముందు చైర్మన్స్ అవార్డ్ అనేవారు. అది గెలిచిన రోబోకు ఇచ్చేది కాదు, తన చుట్టుపక్కల జనానికి మేలు చేసిన టీమ్‌కి ఇస్తారు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల సీజన్ మధ్యలో ఆగిపోయినప్పుడు, చాలా టీమ్‌లు తమ త్రీడీ ప్రింటర్లతో ఆసుపత్రులకు ఫేస్ షీల్డులు చేసి ఇచ్చాయి. మావాళ్లూ చేశారు.

డబ్బున్న స్కూళ్లకే ఇవన్నీ అని కొందరు అంటారు. అరిజోనాలో ఫీనిక్స్ నగరంలో కార్ల్ హేడెన్ హైస్కూల్ ఉంది. మెక్సికో నుంచి వలస వచ్చిన పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా చదివే స్కూల్. 2004లో అక్కడి నలుగురు కుర్రాళ్లు నీటి అడుగున పనిచేసే రోబోల పోటీకి వెళ్లారు. హైస్కూళ్ల విభాగంలో గెలవలేమేమో, పెద్దవాళ్ల విభాగంలో ఓడినా పరువు పోదని కాలేజీల విభాగంలో చేరారు. అక్కడ ఎదురుగా ఎంఐటీ ఉంది. వీళ్ల రోబో ఒళ్లంతా పీవీసీ పైపులే, మన బోరుకి వేసే రకం. పోటీ ముందు లోపలికి నీళ్లు కారుతున్నాయి. తుడిచే వీలు లేదు, సర్క్యూట్లు తడిస్తే అంతే. ఒక కుర్రాడు దుకాణానికి వెళ్లి, సిగ్గు మింగి, ఆడవాళ్లు వాడే టాంపాన్లు కొనుక్కొచ్చి లోపల కుక్కాడు. అవి నీళ్లు పీల్చేశాయి. ఆ పోటీలో మొదటి బహుమతి వీళ్లకే వచ్చింది, ఎంఐటీకి రెండో స్థానం. దగ్గర ఉన్న వస్తువుతో అవసరం తీర్చుకోవడం మన అమ్మమ్మలకు కొత్త కాదు. ఆ తెలివి మన పిల్లల్లోనూ ఉంది. దాన్ని వాడుకునే అవసరమే వాళ్లకు రాలేదు.

ఆడపిల్లల గురించి ఒక మాట. బ్రాండైస్ యూనివర్సిటీవాళ్లు ఈ పోటీల్లో పాల్గొన్న పిల్లల్ని, పాల్గొనని పిల్లల్ని ఏళ్ల తరబడి పోల్చి చూశారు. సైన్సు, ఇంజనీరింగ్ మీద ఆసక్తి పెరగడంలో అబ్బాయిల కంటే అమ్మాయిల్లోనే ఎక్కువ లాభం కనిపించింది. నాకు ఆశ్చర్యం వేయలేదు. అయితే అమ్మాయి చేరగానే ఆమె చేతికి పోస్టర్లూ సోషల్ మీడియా పనీ ఇచ్చే అలవాటు చాలా చోట్ల ఉంది. మీ అమ్మాయి చేరితే, మొదటి నెలలో డ్రిల్ పట్టుకుందా లేదా అని అడగండి. పట్టుకోలేదంటే నాకు చెప్పండి.

ఇబ్బందులు కూడా దాచను. జనవరి నుంచి మార్చి దాకా పిల్లలు అలిసిపోతారు. మార్కులు ఒక మెట్టు దిగొచ్చు. అందుకే రాత్రి తొమ్మిది దాటితే నేను లైట్లు ఆర్పేస్తాను. అంతకంటే పెద్ద ఇబ్బంది పెద్దవాళ్లే. నాలుగేళ్ల కింద పోటీకి ముందు రోజు రాత్రి ఒక కుర్రాడు వైర్లు క్రింప్ చేస్తున్నాడు, చాలా నెమ్మదిగా. నాకు టెన్షన్ పెరిగిపోయి, "ఇలా ఇవ్వు నాన్నా" అని తీసుకుని నేనే పూర్తి చేశాను. ఇరవై నిమిషాల పని. ఆ తర్వాత వాడు ఆ సీజన్‌లో మళ్లీ వైర్ల దగ్గరికి రాలేదు. మరుసటి ఏడాది టీమ్‌లోనే చేరలేదు. రోబో బాగా ఆడింది, పిల్లవాణ్ని పోగొట్టుకున్నాం. అప్పటి నుంచి వర్క్‌షాప్‌లో నా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను. తండ్రులు ఎవరైనా సాయానికి వస్తే ముందు అదే చెబుతాను.

మన ఊళ్లలో ఉన్న పిల్లల సంగతి కూడా మర్చిపోవద్దు. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016లో మొదలైంది. పిల్లలు తమ చేతులతో పరికరాలు చేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబ్ పెట్టుకున్న స్కూలుకి 20 లక్షల రూపాయల దాకా సాయం ఇస్తారు. అలాంటివి దేశంలో దాదాపు పది వేలు ఉన్నాయి, తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. 2025 బడ్జెట్‌లో ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో ఇంకో 50 వేలు పెడతామన్నారు. పరికరాల పెట్టెలు వస్తాయి, తెరిచి పిల్లల చేతికిచ్చే మనిషి కావాలి. మీరు సెలవులకు ఊరు వెళ్లినప్పుడు మీ స్కూల్లో ల్యాబ్ ఉందేమో కనుక్కుని ఒక పూట కూర్చోండి. వీలుంటే ఆ తర్వాత వీడియో కాల్‌లో కొనసాగించండి. మా పిల్లలు ఇద్దరు అలా చేస్తున్నారు.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: మేడమ్, కాలేజీ అడ్మిషన్‌కి ఇది ఎంతవరకు పనికొస్తుంది?

అప్లికేషన్‌లో రాసుకోవచ్చండీ, తప్పేం లేదు. కొన్ని కాలేజీలు ఈ పిల్లలకు స్కాలర్‌షిప్‌లు కూడా ఇస్తాయి. కానీ అప్లికేషన్ కోసమే వచ్చిన పిల్లలు రెండో నెలలో మానేస్తారు. నేను చూశాను. నెల రోజులు రానివ్వండి, ఆ తర్వాత వాడి మొహం చూసి మీరే నిర్ణయించండి.

ప్రశ్న: మా అబ్బాయికి కోడింగ్ అసలు రాదు. ఇంట్లో కూడా పెద్దగా మాట్లాడడు.

అన్నయ్యా, అలాంటి పిల్లలే నాకు ఎక్కువ కావాలి. మాట్లాడని పిల్లలకు చేతిలో పని ఉంటే, పక్కవాడితో ఆ పని గురించి మాట్లాడక తప్పదు. "ఆ స్పానర్ ఇటివ్వు"తో మొదలవుతుంది. చాలామందికి అక్కడే మొదలైంది.

ప్రశ్న: ఎప్పుడు పంపించమంటారు?

ఈ మంగళవారం సాయంత్రం ఆరున్నరకి. కాలివేళ్లు కనిపించని బూట్లు వేసుకోవాలి, చెప్పులు వద్దు. జుట్టు పొడుగ్గా ఉంటే ముడి వేసుకోవాలి. చేతికి గాజులూ దారాలూ ఉంటే తీసేసి రావాలి. కళ్లకు రక్షణగా పెట్టుకునే అద్దాలు మేమిస్తాం. స్కూలు ముందు తలుపు ఆరింటికే మూసేస్తారు, పార్కింగ్ వైపు పక్క తలుపు తట్టమనండి. లోపల డ్రిల్ చప్పుడుకి వినపడకపోతే ఇంకోసారి గట్టిగా తట్టమనండి.